చౌకగా పుస్తకాలు పొందే మార్గాలు (తెలుగు రాష్ట్రాలు)

చౌకగా పుస్తకాలు పొందే మార్గాలు అనగా కొత్త పుస్తకానికి అట్టమీద వేసిన పూర్తి వెల చెల్లించకుండా, లేదా అసలేమీ చెల్లించకుండా, చదువరి తనకు కావలసిన పుస్తకాన్ని చేతికి తెచ్చుకొనే పద్ధతులు. గ్రంథాలయం నుండి ఎరువు తెచ్చుకొనుట, అద్దెకు తీసుకొనుట, పాత ప్రతిని కొనుట, ప్రభుత్వమో ధర్మసంస్థలో తక్కువ వెలకు అచ్చువేసిన ప్రతిని కొనుట, కాపీహక్కు తీరిన పుస్తకాన్ని అంతర్జాలం నుండి దించుకొనుట వీటిలో ముఖ్యమైనవి. ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని పాఠకులను, విద్యార్థులను దృష్టిలో ఉంచుకొన్నది. జూన్ నెలలో బడులు తెరిచేసరికి పుస్తకాల ఖర్చు అనేక కుటుంబాలకు ఫీజు తరువాత రెండవ భారంగా ఉంటుంది. ఆ ఖర్చులో కొంత భాగం సమాచారం తెలియకపోవడం వలన పడేదే.

పౌర గ్రంథాలయాలు

తెలుగునాట గ్రంథాలయాలు ప్రభుత్వం పెట్టగా వచ్చినవి కావు. ప్రజలు చందాలు వేసుకొని పెట్టుకొన్నవి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోను, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లోను, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లోను ఏర్పడినవి. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు దీనిని ఉద్యమంగా నడిపించారు. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపి, రేవులలో ఆగుతూ రైతుల ఇళ్ళకు పుస్తకాలు అందించారు. పుస్తకం కొనలేనివాడు చదువుకు దూరం కాకూడదన్నదే వీరందరి పట్టుదల.

ప్రభుత్వ పక్షాన మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో గ్రంథాలయ చట్టాలు వచ్చినవి. ఆ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చినది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు ఈ చట్టం ప్రకారమే నడుస్తున్నవి. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా ఇదే ఏర్పాటును కొనసాగించినది.

ఈ చట్టంలో చాలామందికి తెలియని అంశం గ్రంథాలయ పన్ను. స్థానిక సంస్థలు ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తాయి. అనగా సంవత్సరానికి 2,000 రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం 160 రూపాయలు గ్రంథాలయానికి చెల్లించినట్లే. అద్దె ఇంటివారు కూడా అద్దె రూపంలో దీనిని భరిస్తున్నారని చెప్పవచ్చును. కావున గ్రంథాలయంలో పుస్తకం ఎరువు తెచ్చుకొనుట ఉచిత సహాయం కాదు, ముందుగా డబ్బు కట్టిన సేవను వాడుకొనుట మాత్రమే. అయితే వసూలైన పన్నును పంచాయతీలు, పురపాలక సంఘాలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయకపోవడం రెండు రాష్ట్రాలలోను దశాబ్దాలుగా ఉన్న సమస్య. సిబ్బంది జీతాలు ప్రభుత్వం నుండి వచ్చినా, పుస్తకాలు, పత్రికలు కొనవలసినది ఈ పన్ను సొమ్ముతోనే. బకాయిలు పేరుకొన్న చోట కొత్త పుస్తకాలు రావు. కొత్త పుస్తకాలు లేనిచోటికి పాఠకుడు రాడు. పాఠకుడు రాలేదు కాబట్టి గ్రంథాలయం అక్కరలేదనే వాదన ఆ వెంటనే మొదలవుతుంది.

సభ్యత్వానికి గుర్తింపు పత్రం, చిరునామా రుజువు, కొద్దిపాటి ధరావతు చాలును. ధరావతు సభ్యత్వం వదులుకొన్నప్పుడు తిరిగి ఇస్తారు. పుస్తకం సాధారణంగా రెండు వారాల వరకు ఉంచుకోవచ్చును, ఇతరులు కోరనిచో గడువు పొడిగించుకోవచ్చును. శాఖా గ్రంథాలయాలు చాలావరకు ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరచి ఉంటాయి. వారాంతపు సెలవు ఆదివారం కాక శుక్రవారం కావడం వలన ఉద్యోగులకు, విద్యార్థులకు ఆదివారం నాడు గ్రంథాలయం అందుబాటులో ఉంటుంది. పోటీపరీక్షలకు చదివేవారు ఎరువు తీసుకొనుట కన్న అక్కడే కూర్చుని చదువుటకు ఎక్కువగా వస్తారు. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ఇందుకు పేరుపొందినది. గదులలో చోటు చాలక ఆవరణలోని చెట్ల కింద కూర్చొని చదివే నిరుద్యోగులు అక్కడ నిత్యం కనిపిస్తారు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ప్రారంభమైనది. తెలుగు, ఉర్దూ, ఆంగ్ల గ్రంథాలతో పాటు పాత పత్రికలకు కూడా ఇది ఆధారం.

పరిశోధకులకు పౌర గ్రంథాలయం కన్న పాత ప్రైవేటు గ్రంథాలయాలు ఎక్కువగా ఉపకరిస్తాయి. వేటపాలెంలోని పాత పత్రికల సంపుటాల కోసం దూరప్రాంతాల నుండి కూడా వస్తారు. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం, కడపలోని సి.పి.బ్రౌన్ గ్రంథాలయం, హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా పరిశోధకులకు ఉపకరిస్తాయి. అరుదైన గ్రంథాలను ఇవి ఇంటికి ఇవ్వవు, అక్కడే చదువుకొని వ్రాసుకోవలసి ఉంటుంది.

అద్దె పుస్తకాల దుకాణాలు

1960ల నుండి 1990ల ఆరంభం వరకు కోస్తా, రాయలసీమ, తెలంగాణ పట్టణాలలో దాదాపు ప్రతి పేటలోను ఒక అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. కొందరు దానికి సర్క్యులేటింగ్ లైబ్రరీ అని బోర్డు పెట్టేవారు. చాలాచోట్ల అది ఒక చిన్న గదియో, కిళ్ళీకొట్టు పక్కన ఒక బడ్డీయో మాత్రమే. పాఠకుడు మొదట కొంత ధరావతు కట్టేవాడు. ఆ తరువాత పుస్తకపు వెలను బట్టి రోజుకింత అని అద్దె. తిరిగి ఇచ్చేటప్పుడు అద్దె కట్టి ఇంకొకటి పట్టుకొని పోవుట పరిపాటి. వెల ఎక్కువైన కొత్త నవలకు అద్దె కూడా ఎక్కువ. కావున ఒక నవలను ఇంటిల్లిపాదీ ఒక్క రాత్రిలో వంతులవారీగా పూర్తిచేసి ఉదయానికి తిరిగి ఇచ్చిన ఇళ్ళు లెక్కకు మిక్కిలి.

ఈ దుకాణాలకు ప్రాణం ధారావాహిక నవల. యద్దనపూడి సులోచనారాణి నవలలు, కొమ్మూరి సాంబశివరావు అపరాధ పరిశోధక నవలలు, తరువాతి కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ నవలలు ఇక్కడ చేతులు మారినన్ని సార్లు మరెక్కడా మారి ఉండవు. కొనేవారిలో గృహిణులు, విద్యార్థులు తక్కువ. చదివేవారిలో వారే ఎక్కువ. ఆ తేడాను పూడ్చినది అద్దె దుకాణం. తెలుగు సాహిత్య చరిత్రలు దీనికి తగిన చోటు ఇవ్వలేదు. వారపత్రికలలో వచ్చిన ధారావాహికల పుటలను జాగ్రత్తగా కత్తిరించి బైండు చేయించి అద్దెకిచ్చే పద్ధతి కూడా ఉండేది. అటువంటి బైండులు ఈనాటికీ పాత పుస్తకాల దుకాణాలలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. పుస్తకరూపంలో రాని నవలలకు అవే మిగిలిన ప్రతులు. చివరి పుటలు చిరిగిపోయిన అపరాధ పరిశోధక నవలలు మాత్రం ఆనాటి పాఠకులకు మిగిలిన తీరని బాధ.

1990లలో టెలివిజన్ ధారావాహికలు ఇంటికి రావడంతో ఈ దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడినవి. 2010లో ప్రారంభమైన కినిగె అను తెలుగు ఈ-పుస్తకాల సంస్థ పుస్తకాలను అమ్ముటతో పాటు నిర్ణీత గడువుకు అద్దెకిచ్చే పద్ధతిని కూడా ప్రవేశపెట్టినది. పాత అద్దె దుకాణపు పద్ధతికి ఇది అంతర్జాల రూపం అనవచ్చును.

పాత పుస్తకాల బజార్లు

హైదరాబాదులో పాత పుస్తకాలకు రెండు ముఖ్య స్థానాలు ఉన్నవి. కోఠిలో మహిళా కళాశాల పరిసరాల దుకాణాలు పాఠ్యపుస్తకాలకు, వైద్య, ఇంజనీరింగు, న్యాయ గ్రంథాలకు, పోటీపరీక్షల పుస్తకాలకు ప్రసిద్ధి. ఆబిడ్స్‌లో ప్రతి ఆదివారం మూసివున్న దుకాణాల ముందు కాలిబాటల మీద పరచే పుస్తకాలు సాహిత్యాభిమానులకు ప్రసిద్ధి. విజయవాడలో లెనిన్ సెంటరు, అలంకార్ సెంటరు పరిసరాల పాత పుస్తకాల దుకాణాలు కోస్తా జిల్లాలన్నింటికీ ఆధారంగా ఉన్నవి. మద్రాసు తెలుగువారి రాజధానిగా ఉన్న కాలంలో అక్కడి మూర్ మార్కెట్టు తెలుగు పాత పుస్తకాలకు కూడా గని వంటిది. 1985 మే నెలలో అగ్నిప్రమాదంలో అది కాలిపోయినది.

ఈ వ్యాపారం నడిచే తీరు తెలిసినచో బేరం తేలిక అవుతుంది. పాత కాగితాల వ్యాపారులు ఇళ్ళ నుండి, మూసివేసిన సంస్థల నుండి పుస్తకాలను కిలోల లెక్కన కొంటారు. దుకాణదారు వారి వద్దకు వెళ్ళి అమ్ముడుపోగలవానిని ఏరుకొంటాడు. పాఠ్యపుస్తకాల సంగతి వేరు: పరీక్షలు ముగియగానే విద్యార్థులే నేరుగా తెచ్చి అమ్ముతారు. ఏప్రిల్, మే నెలలలో అమ్మేవారు ఎక్కువ, కొనేవారు తక్కువ. జూన్, జులైలలో పరిస్థితి తలక్రిందులవుతుంది. కావున పైతరగతి పుస్తకాలను వేసవి సెలవులలోనే కొన్నవారికి వెల తగ్గుతుంది. సిలబసులో ఉన్న పుస్తకాన్ని సుమారు సగం వెలకు అమ్మి, చదివిన తరువాత మంచి స్థితిలో తిరిగి తెస్తే అందులో కొంత ఇచ్చి తీసుకొనే దుకాణాలు కూడా ఉన్నవి. లెక్కవేస్తే ఇది అద్దెకు తీసుకొనుటతో సమానం.

కొనే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నవి. మొదటిది ముద్రణ సంవత్సరం, సిలబసు. విభజన తరువాత రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలు వేరయినవి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ మండలి 2025-26 నుండి మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలను ప్రవేశపెట్టడంతో అంతకు ముందటి పుస్తకాలకు విలువ పోయినది. ఎన్‌సీఈఆర్‌టీ సైతం 2024 నుండి 3, 6 తరగతులతో మొదలుపెట్టి కొత్త పుస్తకాలు తెస్తున్నది. ఇటువంటి సంవత్సరాలలో వెల తక్కువని పాత పుస్తకం కొంటే ఆ కొద్దిపాటి సొమ్ము కూడా దండగే. ఇందుకు భిన్నంగా ఇంజనీరింగు, వైద్యం, గణితం వంటి విషయాలలో ప్రామాణిక గ్రంథపు పాత కూర్పుకు, కొత్త కూర్పుకు మధ్య తేడా తరచుగా అభ్యాసాల క్రమంలోనే ఉంటుంది. అట్టిచోట పాత కూర్పు కొని, మారిన పుటలను తోటి విద్యార్థి పుస్తకం నుండి వ్రాసుకొనుట మేలు. ఔషధ మోతాదులు, పన్ను చట్టాలు, ఇతర చట్టాల విషయంలో మాత్రం పాత కూర్పు ప్రమాదకరం. ఉదాహరణకు 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినందున, అంతకు ముందు అచ్చయిన శిక్షాస్మృతి వ్యాఖ్యానాలు నేటి న్యాయ విద్యార్థికి చాలవు.

రెండవది పుటలు సరిచూచుకొనుట. తెలుగు పుస్తకాలు ఫారాలుగా అచ్చయి కుట్టబడతాయి. కావున లోపం ఉన్నచో ఒకటి రెండు పుటలు కాక ఒక ఫారం మొత్తం లేకపోవడమో, రెండుసార్లు రావడమో జరుగుతుంది. మూడవది దొంగ ముద్రణ. కాలిబాటల మీద కొత్తగా మెరుస్తూ అతి తక్కువ వెలకు దొరికే ఆంగ్ల నవలలు, పోటీపరీక్షల పుస్తకాలు చాలావరకు అనుమతి లేకుండా అచ్చువేసినవి. వానిలో పుటలు అలికినట్లుండటం, పటాలు తెలియకపోవడం సర్వసాధారణం. పాత పుస్తకం అమ్ముట చట్టసమ్మతం, దొంగ ముద్రణ అమ్ముట నేరం. రెండూ ఒకే కాలిబాట మీద ఉన్నంత మాత్రాన ఒకటి కావు.

పాఠ్యపుస్తకాలు

రెండు రాష్ట్రాలలోను ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు పదవ తరగతి వరకు పాఠ్యపుస్తకాలను ఉచితంగా ఇస్తున్నారు. ఒక పుట తెలుగులోను, ఎదుటి పుట ఆంగ్లంలోను ఉండే ద్విభాషా పుస్తకాలు మొదట ఆంధ్రప్రదేశ్‌లోను, తరువాత తెలంగాణలోను వచ్చినవి. తెలుగు మాధ్యమం నుండి ఆంగ్ల మాధ్యమానికి మారిన పిల్లలకే కాక, వారి చదువు చూడగోరే తల్లిదండ్రులకు కూడా ఇవి ఉపయోగకరం. ఈ పుస్తకాల పీడీఎఫ్ ప్రతులు రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా లభిస్తాయి. పుస్తకాలలోని క్యూఆర్ సంకేతాలను 2017లో ప్రారంభమైన దీక్షా వేదిక ద్వారా తెరచి పాఠాలు వినవచ్చును.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు దేశంలో అన్నింటికన్న చౌకైన పాఠ్యపుస్తకాల కోవలోనివి. 9 నుండి 12 తరగతుల పుస్తకాల వెలను 20 శాతం తగ్గిస్తున్నట్లు, 1 నుండి 8 తరగతుల పుస్తకాలను ఒక్కొక్కటి 65 రూపాయలకు అమ్ముతున్నట్లు 2024 డిసెంబరులో ఆ సంస్థ ప్రకటించినది. ప్రైవేటు ప్రచురణకర్తల పుస్తకాలతో కూడిన తరగతి సెట్టును పాఠశాల నిర్దేశించిన చోటనే కొనమన్నప్పుడు ఖర్చు దీనికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. తల్లిదండ్రుల అసలు ఫిర్యాదు కూడా ఇదే. ప్రతి సంవత్సరం ఒకటి రెండు పుస్తకాలను మార్చి, అన్న పుస్తకం తమ్మునికి పనికిరాకుండా చేయుట ఇందులో మరొక భాగం. పాఠ్యపుస్తకంలోనే ఖాళీలు పూరించే అభ్యాసాలు పెట్టినచో పుస్తకం ఒక్క ఏడాదితో సరి. వ్రాతపని పుస్తకం వేరుగా ఉన్నప్పుడే పాఠ్యపుస్తకం చేతులు మారగలదు.

ఉన్నత విద్యలో తెలుగు మాధ్యమం విద్యార్థుల కోసం 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ స్థాపించబడినది. దీనికి మొదటి అధ్యక్షుడు పి.వి.నరసింహారావు. ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాలను అకాడమీ తక్కువ వెలకు ఇచ్చినందువలన, పల్లె నుండి వచ్చిన మొదటి తరం విద్యార్థులు విజ్ఞానశాస్త్రాలను తెలుగులో చదువగలిగినారు. పోటీపరీక్షలకు వెళ్ళేవారు డిగ్రీ స్థాయి చరిత్ర, ఆర్థికశాస్త్రం అకాడమీ పుస్తకాలను నేటికీ వెదకి కొంటారు.

షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు వైద్య, ఇంజనీరింగు కోర్సులలో ఖరీదైన గ్రంథాలు అందించుటకు కేంద్ర ప్రభుత్వం 1978-79లో పుస్తక నిధి పథకాన్ని ప్రారంభించినది. తరువాత ఇది వ్యవసాయ, పశువైద్య, న్యాయ, పాలిటెక్నిక్ తదితర కోర్సులకు విస్తరించినది. ఇద్దరు విద్యార్థులకు ఒక సెట్టు, సెట్టు జీవితకాలం మూడేండ్లు అన్నది దాని నియమం. పథకాల స్వరూపం మారినా, కళాశాల గ్రంథాలయాలలో బుక్ బ్యాంకు అనే విభాగం అనేక చోట్ల నిలిచి ఉన్నది. సెమిస్టరు మొదట్లోనే అడిగినవారికి పుస్తకాలు దక్కుతాయి.

చౌక కూర్పులకు ఒక చరిత్ర ఉన్నది. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో వెలువడిన ఇంగ్లీష్ లాంగ్వేజ్ బుక్ సొసైటీ కూర్పులు 1990ల వరకు మన వైద్య, ఇంజనీరింగు విద్యార్థులకు ఆసరా. మాస్కోలోని మీర్ ప్రచురణాలయం వారి గణిత, భౌతికశాస్త్ర గ్రంథాలు, ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు అనువాదాలు విశాలాంధ్ర దుకాణాలలో నామమాత్రపు వెలకు దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి ఈ అనువాదాలు చేశారు. రష్యా పిల్లల కథలు, గట్టి అట్టలు, రంగుల బొమ్మలు ఒక తరం తెలుగు పిల్లలకు తమ భాషలో దొరికిన తొలి అందమైన పుస్తకాలు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నంతో ఆ రాక నిలిచిపోయినది. నేడు ఆ ప్రతులు పాత పుస్తకాల దుకాణంలో అసలు వెలకు ఎన్నో రెట్లు పలుకుతున్నవి.

పాశ్చాత్య ప్రచురణకర్తలు భారతదేశంలో అచ్చువేసే ప్రత్యేక కూర్పులకు వెల చాలా తక్కువ. అట్టమీద ఈ ఉపఖండంలో మాత్రమే అమ్మవలెనని వ్రాసి ఉంటుంది. అమెరికా చదువులకు వెళ్ళే తెలుగు విద్యార్థులు పెట్టెలలో పచ్చళ్ళతో పాటు ఈ పుస్తకాలను కూడా సర్దుకొనుటకు కారణం ఇదే. ఆసియా కూర్పులను అమెరికాకు తెప్పించి అమ్మిన ఒక థాయ్ విద్యార్థిపై వైలీ సంస్థ వేసిన దావాలో, విదేశంలో న్యాయబద్ధంగా కొన్న ప్రతిని తిరిగి అమ్ముకోవచ్చునని అమెరికా సుప్రీం కోర్టు 2013 మార్చి 19న తీర్పు ఇచ్చినది. అమెరికా విశ్వవిద్యాలయాలలో సెమిస్టరుకు పాఠ్యపుస్తకాన్ని అద్దెకు తీసుకొనే ఏర్పాటు, ఇతర గ్రంథాలయాల నుండి తెప్పించి ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నవి. రైస్ విశ్వవిద్యాలయం 2012 నుండి ఓపెన్‌స్టాక్స్ పేరిట ప్రచురిస్తున్న పాఠ్యపుస్తకాలను ఇక్కడి విద్యార్థులు కూడా ఉచితంగా దించుకోవచ్చును.

తక్కువ వెల సాహిత్య ప్రచురణలు

కాశీనాథుని నాగేశ్వరరావు 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించినది మంచి గ్రంథాలు సామాన్యునికి అందవలెననే. తరువాత ఎమెస్కో వారి పాకెట్ పుస్తకాలు నవలను జేబు వెలకు తెచ్చినవి. 1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ సహవాసి అనువదించిన ఏడు తరాలు వంటి పుస్తకాలను సాదా కాగితం మీద, సాదా అట్టతో, చిన్న వెలకు ప్రచురించినది. 1957లో స్థాపించబడిన నేషనల్ బుక్ ట్రస్టు ఇతర భారతీయ భాషల నవలల తెలుగు అనువాదాలను, నెహ్రూ బాల పుస్తకాలయం బొమ్మల పుస్తకాలను తక్కువ వెలకు ఇస్తున్నది. పురాణ, భక్తి గ్రంథాలకు తిరుమల తిరుపతి దేవస్థానముల ప్రచురణలు, గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వారి తెలుగు ప్రచురణలు చౌక. బాలసాహిత్యంలో మంచి పుస్తకం సంస్థ ప్రచురణలు పేర్కొనదగినవి. విజయవాడలో జనవరి మొదట్లోను, హైదరాబాదులో సాధారణంగా డిసెంబరు ప్రాంతంలోను జరిగే పుస్తక ప్రదర్శనలలో వెలపై తగ్గింపు లభిస్తుంది. గోదాములో మిగిలిన పాత ముద్రణలు అట్టమీది పాత వెలకే దొరకడం అంతకన్న పెద్ద లాభం.

జిరాక్సు ప్రతులు, కాపీహక్కు

విద్యార్థులు పుస్తకాన్ని జిరాక్సు తీయించుట సర్వత్రా ఉన్నది. చట్టం దీనిని పూర్తిగా నిషేధించలేదు, పూర్తిగా అనుమతించనూ లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని రామేశ్వరి జిరాక్సు దుకాణం పాఠ్యాంశాల సంపుటాలు తయారుచేసి ఇస్తున్నదని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేసినవి. బోధనలో భాగంగా చేసే ప్రతులకు 1957 నాటి కాపీహక్కు చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుందని ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరు 16న తీర్పు చెప్పినది. అదే సంవత్సరం డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం కొన్ని అంశాలను తిరిగి విచారించవలెనని చెప్పినా, 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకొన్నారు. ఈ మినహాయింపు బోధనకు కావలసిన మేరకే. పుస్తకం మొత్తాన్ని నకళ్ళు తీసి అట్టవేసి అమ్ముటకు ఇది వర్తించదు. వెల తక్కువైన తెలుగు పుస్తకాలను జిరాక్సు తీయించేవారు, అసలు పుస్తకం వెల తెలుసుకోకుండానే దానికన్న ఎక్కువ ఖర్చు చేయుట కూడా కద్దు.

భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుండి 60 ఏండ్లు కాపీహక్కు ఉంటుంది. ఆ ప్రకారం గురజాడ అప్పారావు (మరణం 1915), కందుకూరి వీరేశలింగం (1919), చిలకమర్తి లక్ష్మీనరసింహం (1946), ఉన్నవ లక్ష్మీనారాయణ (1958) రచనలను ఎవరైనను అచ్చువేయవచ్చును, ఉచితంగా పంచవచ్చును. చలం (1979) రచనలు 2039 ముగిసేవరకు, శ్రీశ్రీ (1983) రచనలు 2043 ముగిసేవరకు కాపీహక్కులోనే ఉంటాయి.

అంతర్జాలంలో

2000ల ఆరంభంలో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేలాది తెలుగు గ్రంథాలు స్కాను చేయబడినవి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దీనిలో ముఖ్య భాగస్వామి. ఆ వెబ్‌సైటు 2016-17 ప్రాంతంలో నిలిచిపోయినా, స్కానులు అధికభాగం ఇంటర్నెట్ ఆర్కైవులో లభిస్తున్నవి. రోమను లిపిలో ఇష్టం వచ్చినట్లు వ్రాసిన పేర్ల వలన వెదకుట కష్టం. ఒకే పేరును రెండు మూడు వర్ణక్రమాలతో ప్రయత్నించవలెను. తెలుగు వికీసోర్సులో ఇటువంటి గ్రంథాలను స్వచ్ఛంద కార్యకర్తలు టైపు చేసి, తప్పులు దిద్ది ఉంచుతున్నారు. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 జూన్‌లో జాతికి అంకితమైనది. పిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 నుండి తెలుగుతో సహా అనేక భాషల బొమ్మల కథలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నవి.

చూపు లేనివారికి, అచ్చుపుస్తకం చదువలేనివారికి అనువైన రూపంలో పుస్తకాన్ని మార్చుటకు 2012 చట్ట సవరణ అనుమతి ఇచ్చినది. ఇదే విషయమై వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ధ్రువీకరించిన మొదటి దేశం భారతదేశం. 2016లో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయంలో నమోదు చేసుకొన్న అట్టి పాఠకులు పుస్తకాలను ఉచితంగా పొందవచ్చును.

తపాలా ఖర్చు

పట్టణానికి దూరంగా ఉన్న పాఠకునికి పుస్తకం వెలకన్న రవాణా ఖర్చే అడ్డంకి. ముద్రిత పుస్తకాలపై వస్తు సేవల పన్ను లేదు గాని, తపాలా ఖర్చు తప్పదు. చిరకాలంగా చిన్న ప్రచురణకర్తలు ఆధారపడిన బుక్ పోస్టు సదుపాయం, కొత్త తపాలా చట్టపు నిబంధనలతో 2024 డిసెంబరు 18 నుండి రద్దయినది. అప్పటి నుండి 200 రూపాయల కవితా సంపుటిని పంపుటకు పార్సిలు రుసుము భరించవలసి వచ్చినందున ప్రచురణకర్తలు, పాఠకులు అభ్యంతరం తెలిపారు. తపాలా శాఖ 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్ట్ అను సేవను ప్రారంభించినది. పాఠ్యపుస్తకాలు, సాహిత్య, సాంస్కృతిక గ్రంథాలు దీని ద్వారా పంపవచ్చును. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, గరిష్ఠంగా 5 కిలోల వరకు 100 రూపాయలు, వీనిపై పన్నులు అదనంగా ప్రారంభపు రుసుముగా నిర్ణయించబడినవి. పుస్తకంపై ముద్రాపకుని లేదా ప్రచురణకర్త పేరు ఉండవలెను. వ్యాపార ప్రకటనల సాహిత్యానికి, పత్రికలకు ఇది వర్తించదు. రవాణా భూమార్గంలోనే కనుక రోజులు కొంత ఎక్కువ పడతాయి. నలుగురు కలసి 5 కిలోల కట్టగా తెప్పించుకొన్నచో ఒక్కొక్కరికి తపాలా ఖర్చు పన్నులు కాక 25 రూపాయలకు మించదు. పుస్తకాలు తెప్పించుకొనే ముందు ఏ సేవ ద్వారా పంపుతారో ప్రచురణకర్తను అడిగి తెలుసుకొనుట మంచిది.